రోడ్డుకు అడ్డంగా పైపు

దోహాలో నేను నీళ్ళ ట్యాంకర్ నడిపాను. తొంభైల్లో మాట. మాది గోదావరి జిల్లా. ఊళ్ళో ఇసుక లారీ తోలిన చేతులే కాబట్టి బండి నాకు కొత్త కాదు, రోడ్లే కొత్త. ఆ రోడ్లు నేర్పింది భాయ్. నిజామాబాద్ దగ్గరివాడు, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. అందరూ ఆయన్ని భాయ్ అనేవారు, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఒక లైనులో మా ఇద్దరి ట్యాంకర్లూ తిరిగేవి.

ఆ లైనులో ఒక పొడుగాటి సందు ఉండేది. ఒక పక్క విల్లాలు, ఒక్కో విల్లాలో నాలుగైదు కుటుంబాలు. రెండో పక్క మొత్తం ఏదో గోదాము ప్రహరీగోడ. పెద్ద రోడ్డు డివైడర్‌లో సందుకు ఎదురుగా దారి వదిలి ఉండేది. అక్కడ బండి తిప్పి లోపలికి వెళితే విల్లాలు కుడిచేతి వైపు వచ్చేవి. బండి పక్కకు ఆపి, విల్లా గోడలోని గొట్టానికి పైపు తగిలించి, మోటారు వేస్తే పది నిమిషాల్లో ఒక ఇంటి పని అయిపోయేది.

ఒక శనివారం పొద్దున వెళ్ళేసరికి డివైడర్‌లో ఆ దారి లేదు. వరసగా రాళ్ళు పాతేసి ఉన్నాయి. సిమెంటు ఇంకా తడిగానే ఉంది. బోర్డు లేదు, ముందు ఒక మాట చెప్పినవాళ్ళూ లేరు. అవతలి రౌండబౌట్, అంటే గుండ్రటి కూడలి దాకా పోయి తిరిగి రావాలన్నమాట. అక్కడ లోపల తిరుగుతున్న బండ్లదే ముందు పోయే హక్కు. నిండు ట్యాంకర్ కదలడానికి కొంచెం టైము పడుతుంది కదా, ఆ కొంచెంలోనే ఇంకో కారు దూరేది. వెనక హారన్లు. కాలు క్లచ్ మీద వణికిపోయేది. రోజుకు ఆరు ట్రిప్పులు వేసేవాళ్ళం, నాలుగు కూడా కష్టమైపోయింది. క్యాంప్‌లో సూపర్‌వైజర్ "రోడ్ పే సో రహే హో క్యా?" అంటూ, రోడ్డు మీద నిద్రపోతున్నామా అని అరిచేవాడు.

రెండు నెలలకు ఆ సందును వన్‌వే చేశారు. అదీ తిరగేసి. ఇప్పుడు సందు చివరి నుంచి లోపలికి రావాలి. విల్లాలు ఎడమచేతి వైపు పడ్డాయి. ఆ పక్క రోడ్డు అంచు గట్టుకు నలుపూ పసుపూ రంగులు వేశారు, అంటే బండి ఆపకూడదని. ఆపుకొమ్మన్నది గోడ పక్కన. నీళ్ళు పోయాల్సిన ఇళ్ళు ఇటు, ట్యాంకర్ అటు, మధ్యలో రోడ్డు. చేసేదేం లేక పైపును రోడ్డుకు అడ్డంగా పరచడం మొదలుపెట్టాం.

పైపు మీదుగా కార్లు పోయేవి. పైపు ముక్కల్ని కలిపే కప్లింగ్ ఊడిపోయేది. కొందరు ఆగి తిట్టేవారు. వాళ్ళ తప్పు మాత్రం ఏముంది, రోడ్డు మధ్యలో అది ఉండాల్సిన వస్తువు కాదు. ట్రిప్పులు తగ్గడంతో చివరి విల్లాలకు నీళ్ళు అందేవి కావు. అక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేసే కృష్ణా జిల్లా ఆవిడ ఒకామె ఉండేది, అందరూ నర్సమ్మ అనేవారు, చంకలో నెలల పిల్ల.

"అన్నయ్యగారూ, రెండు రోజులైందండీ. డ్యూటీ నుంచొచ్చి పిల్లకి నీళ్ళు పోద్దామంటే బకెట్లో చుక్క లేదు. మమ్మల్ని మర్చిపోతున్నారా?" అని గేటు దగ్గర నిలబడి అడిగింది.

నేను రోడ్డు సంగతి చెప్పబోయాను. ఆవిడ వింది గానీ ఆవిడకి కావలసింది నీళ్ళు. మర్నాడు ముందు మీకే పోస్తానన్నాను. మర్నాడూ రౌండబౌట్ దగ్గరే గంట పోయింది.

భాయ్ మాత్రం కోపగించుకోలేదు. "వాళ్ళు తెల్వక చేసిన్రు తమ్మీ. పోయి చెప్తే తెలుస్తది" అన్నాడు. అరబ్బీలో అర్జీ రాయించాడు. ఇద్దరం ఇస్త్రీ చొక్కాలు వేసుకుని బలదియాకు, అంటే వాళ్ళ మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాం. అధికారి మర్యాదస్తుడు. కూర్చోమని టీ ఇప్పించాడు. భాయ్ అరబ్బీలో, మధ్యమధ్యలో చేతులతో, పైపు ఎలా పరుస్తున్నామో చెప్పాడు. ఆ అధికారి తలూపుతూ అంతా విని, అర్జీ మీద ముద్ర వేసి, "ఇన్‌షా అల్లా" అన్నాడు, అంటే దేవుడు తలిస్తే అవుతుందని.

మెట్లు దిగుతూ భాయ్ నా భుజం తట్టాడు. "చూసినవా? మంచోడు. అయితది."

నెలన్నర ఆగి మళ్ళీ వెళ్ళాం. అదే టీ, అదే మాట. ఈసారి భాయ్ నా భుజం తట్టకుండానే మెట్లు దిగాడు.

ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం భాయ్ ట్యాంకర్ ముందు, నాది వెనక. ఆయన పైపు పరిచి, రోడ్డు మధ్యలో నిలబడి, చెయ్యి పైకెత్తి వచ్చే కార్లను ఆపుతున్నాడు. ఒక కారు నా బండిని దాటుకుని వచ్చింది. అద్దం మీద ఎండ పడి నడిపేవాడికి పైపు కనిపించలేదో ఏమో, భాయ్‌ని తప్పించాడు గానీ పైపు చక్రానికి చుట్టుకుంది. కప్లింగ్ ఊడి, ఇత్తడి మూతితో సహా పైపు గిర్రున తిరిగి భాయ్ మోకాలికి తగిలింది. ఆ చప్పుడు నాకు క్యాబిన్‌లోకి వినిపించింది. దిగి పరుగెత్తాను. నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి, ఆ తడిలోనే ఆయన కూర్చుండిపోయాడు.

"మోటారు బంద్ చెయ్యి తమ్మీ, నీళ్ళు పోతున్నయ్" అన్నాడు మొదట.

కారతను పారిపోలేదు. గొడుగు తెచ్చి భాయ్ మీద ఎండ పడకుండా పట్టుకున్నాడు. పోలీసు వచ్చి కొలతలు తీసుకుని ఒక్కటే అడిగాడు: "రోడ్డు మీద పైపు ఎందుకు వేశావు?" భాయ్ రంగుల గట్టు వైపు, గోడ వైపు చూపించాడు. పోలీసు రెండూ చూశాడు. చూసి, తప్పు ట్యాంకర్‌దే అని రాసుకున్నాడు. రూలు ప్రకారం అతను రాసింది నిజమే.

మోకాలు మళ్ళీ సరిగా వంగలేదు. క్లచ్ తొక్కలేని డ్రైవర్‌ను కంపెనీ ఉంచుకోదు. వీసా క్యాన్సిల్ చేశారు. భాయ్ ఊరికి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన వారం నేను ఒక్కణ్ణే బలదియాకు వెళ్ళాను. వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ దారంతా కూడబలుక్కున్నాను. ఆ కుర్చీలో వేరే అధికారి ఉన్నాడు, కుర్రవాడు, కొంచెం హిందీ వచ్చు. మా అర్జీ వెతికాడు, దొరకలేదు. పాపం, పెద్ద మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచాడు. మా సందు అందులో ఉంది, తిన్నగా, శుభ్రంగా, ఒక బాణం గుర్తుతో.

"ట్యాంకర్ ఎక్కడ ఆగాలి?" అని అడిగాను.

"ఇక్కడ ట్యాంకర్లు ఉండవు. భూమిలో పైపులు వేస్తారు. ఇంటింటికీ నీళ్ళు వచ్చేస్తాయి."

"ఎప్పుడు?"

అతను పైకి చూసి నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. అతనికీ తెలియదు.

ఆ మ్యాపు గీసినవాళ్ళకు మేము తెలియక కాదు. మేము లేని రోజు కోసం గీశారు. అంతవరకూ ఆ సందులో నీళ్ళు ఎలా పోయాలన్నది ఏ కాగితంలోనూ లేదు. బయటికొచ్చి ట్యాంకర్ ఎక్కి మళ్ళీ ఆ సందుకే పోయాను.

ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు అదే సందులో, అలాగే రోడ్డుకు అడ్డంగా పైపు పరిచి నీళ్ళు పోశాను. కారు శబ్దం వినిపిస్తే చాలు, గట్టు మీదికి గెంతేవాణ్ణి. నర్సమ్మ కుటుంబం వేరే చోటికి మారిపోయింది. ఆ వాటాలోకి ఇంకెవరో వచ్చారు, వాళ్ళూ గేటు దగ్గర నిలబడి అదే అడిగేవారు. వాళ్ళకి రోడ్డు సంగతి చెప్పడం మానేశాను.

ఒక శుక్రవారం భాయ్ వాళ్ళ ఊరికి ఫోను చేశాను. కాలు ఎలా ఉందంటే, "ఉన్నది, కర్ర పట్టుకుని పోతున్న" అన్నాడు. మళ్ళీ ఆయనే అడిగాడు.

"సందు సక్కగ చేసిన్రా తమ్మీ?"

"లేదు భాయ్."

"అర్జీ మల్ల రాయించు. ఈసారి బొమ్మ గీసి పెట్టు. బొమ్మ చూస్తే సమజైతది వాళ్ళకు."

"అలాగే భాయ్" అన్నాను. రాయించలేదు.