తుపాకి నుదురు

బెంగళూరు నుంచి మారికుప్పం వచ్చే సాయంత్రం రైల్లో తుపాకి తేవడం అంత తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు. పాత దుప్పట్లో చుట్టి, దాని మీద చాప చుట్టి, పురికొసతో కట్టాను. అయినా రోజూ ఆ రైల్లోనే ఆఫీసుకు పోయి వచ్చేవాళ్లం కాబట్టి నా చేతిలో కొత్త వస్తువు కనబడితే ఎవరూ ఊరుకోరు. "ఏమక్కా అది, వీణా?" అని ఒకాయన అడిగాడు. "కర్టెన్ కడ్డీ" అన్నాను. నా మొహంలో అబద్ధం నిలవదు. బంగారుపేట వచ్చేసరికి పెట్టెలో సగం మంది దాన్ని చేతుల్లోకి తీసుకుని బరువు చూసి, ఎవరిని కాల్చబోతున్నానో ఊహించి నవ్వుకుంటున్నారు.

అది ఎయిర్ రైఫిల్. మందుగుండు లేదు, గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు పోతుంది, అంతే. నాయన కోసం కొన్నాను.

నాయన కేజీఎఫ్ బంగారు గనుల్లో పట్టాలు వేసేవాడు. భూమి లోపల రాయి మోసే ట్రాలీలకు దారి ఆయనదే. గనులు మూసేశాక నేను బెంగళూరు ఆఫీసుకు పోయే రైలు కోసం అక్కడే ఉండిపోయాను. అమ్మా నాయనా కామసముద్రం దగ్గర అమ్మ తరఫు మామిడితోటకు మారిపోయారు. మాగిన కాయ వాసన తగిలితే చాలు, గుట్ట మీది కోతులు మంద మందగా దిగేవి. తోట కాపలా అంటే మా వైపు గొంతే. చెట్టు కింద నిలబడి "హో" అని అరవాలి, వాటి వెంట ఉరకాలి. నాయన ఊపిరితిత్తుల నిండా గని దుమ్ము. నోరు తెరిస్తే అరుపుకు ముందు దగ్గు వచ్చేది. రెండడుగులు వేగంగా వేస్తే కూలబడేవాడు. ఇద్దరి అరుపూ అమ్మే అరిచేది, ఇద్దరి ఉరుకూ అమ్మే ఉరికేది. ఆయన అరుగు మీద కూర్చుని చూసేవాడు. ఆ చూపు చూడలేక నేను ఆదివారాలు పోవడం కూడా కొన్నాళ్లు తగ్గించాను.

ఒక ఆదివారం పోయేసరికి చెట్లకు ఖాళీ నూనె డబ్బాలు వేలాడుతున్నాయి. నాయన తాడు కట్టి ఇస్తే అమ్మ నిచ్చెన ఎక్కి తగిలించిందట.

"డబ్బాకు గుండు తగిల్తే టంగుమంటాది. కోతులు పరుగెత్తి పోతాయి. అరిసే పని లే, ఉరికే పని లే. అరుగు మింద కూసునే చేస్తాను" అన్నాడు. "అయితే ఒకటి. కోతికి తగలకూడదు. ఆంజనేయస్వామి ఆయన. కాబట్టి తుపాకి నేరుగా ఉండాల. వెంట్రుకంత వంకర ఉన్నా నాకొద్దు."

అంతకుముందు ఏళ్ల తరబడి ఆయన నన్ను ఏదీ అడగలేదు. ఆ తోటలో తనకంటూ ఒక పని ఉండాలని ఆయన కోరిక. నాకు అర్థమైంది.

తుపాకి చాపలోంచి బయటికి తీసేసరికి అమ్మ గంధం, కుంకుమ కలిపిన పళ్లెంతో సిద్ధంగా ఉంది. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు మే. పూజ చేసినాంక వాపసు ఇచ్చేకి అవుతాదా? ముందు నన్ను సూడనీ."

ఆ రోజు ఆయన ఎట్లా చూశాడో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. బెంచీ మీద రెండు ఇసుక సంచులు పెట్టి, వాటి మీద తుపాకిని పడుకోబెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని, చెంప బెంచీకి ఆనించి, ఒక కన్ను మూసి గొట్టం పొడుగునా చూశాడు. పట్టా వంకర కూడా గనిలో అట్లాగే చూసేవాడట, దీపం అవతలి కొసన పెట్టి. తర్వాత దారం తడిపి, గొట్టం వెంబడి బిగలాగి పట్టుకోమని నాకిచ్చాడు. దారానికీ ఇనుముకూ మధ్య వెలుగు ఎక్కడైనా సందు చేసుకుందా అని మెల్లగా, అంగుళం అంగుళం జరుగుతూ చూశాడు. నా చేతులు పీకుతున్నాయి. "కదలద్దు" అని కసురుకున్నాడు. ఆ కసురులో పాత షిఫ్టు మేస్త్రీ గొంతు వినబడి నాకు సంతోషం వేసింది.

గుండు పెట్టేటప్పటి లాగా గొట్టాన్ని కీలు దగ్గర వంచి తెరిచి, గుండు ఏమీ పెట్టకుండా, ఆకాశం వైపు తిప్పి లోపలికి చూశాడు. నన్నూ చూడమన్నాడు. లోపల వెలుగు ఉంగరాలు ఉంగరాలుగా, ఒకదాని లోపల ఒకటి, చాలా ముచ్చటగా ఉంది.

"ఏ ఉంగరమన్నా పక్కకు ఒరిగిందా?"

"లేదు నాయనా."

"సరిగా సూడు. కోలారులో టమాటా ఏరినట్ల పైపైన సూడద్దు."

గొట్టం కొసన పైకి లేచి గోరంత ఇనుప ముక్క ఉంటుంది. వెనక ఒక గాడి. గాడి మధ్యలో ఆ ముక్క నిలబడేట్టు చూస్తే అది గురి. ఆ ముక్క నిటారుగా ఉందా లేదా అని కొసన బరువు కట్టిన దారాన్ని దూలానికి వేలాడదీసి, దారంతో పోల్చి చూశాడు. స్క్రూలన్నీ బిగించాడు. చెక్క మీద వేళ్లతో కొట్టి చప్పుడు విన్నాడు. అప్పుడు గడ్డివామి ముందు ఇసుక మూట పెట్టి, దానికి కాగితం గుచ్చి, ఊపిరి పూర్తిగా వదిలేసి, మళ్లీ పీల్చుకునే లోపు ట్రిగ్గర్ నొక్కాడు. దగ్గు వచ్చే మనిషికి ఆ సందు ఎంత చిన్నదో ఆయనకే తెలుసు. గుండ్లన్నీ అమ్మ బొట్టంత చోట పడ్డాయి. వెనక గాడి ఉన్న ఎత్తు దగ్గర మేకుతో చిన్న గుర్తు గీసుకున్నాడు.

అంతటితో వదల్లేదు. ఎండకు గొట్టం కాలేదాకా బయట పెట్టి పేల్చాడు. మరుసటి తెల్లవారి మంచులో తడిపి పేల్చాడు. స్తంభానికి ఆనుకుని, కుర్చీలో వాలి, మంచం మీద పడుకుని పేల్చాడు. "దినామూ పనికి వచ్చేది ఇట్లే సూడాల. పెళ్లిచూపుల్లో అందరూ బాగానే ఉంటారు" అన్నాడు అమ్మ వైపు చూస్తూ. అమ్మ మూతి తిప్పింది. చివరికి దూరపు చెట్టు డబ్బాకు గురి పెట్టాడు. టంగుమంది. కొమ్మ మీది కోతి మంద ఒక్కసారిగా కంచె దూకి పోయింది. నాయన దగ్గుతూ దగ్గుతూ నవ్వాడు.

"తుపాకి నేరుగా ఉండాది. ఇంగ గురి తప్పితే తప్పు నాదే" అన్నాడు. ఆ మాట ఆయన అనకుండా ఉంటే ఎంత బాగుండేదో.

అప్పుడు అమ్మ పళ్లెం తెచ్చింది. మా ఇంట్లో పని చేసే ప్రతి వస్తువుకూ నుదుట బొట్టు ఉండాలి. కొడవలికి, పాల క్యానుకు, పంపుసెట్టుకు, అన్నింటికీ. తుపాకి దగ్గరికి వచ్చేసరికి అమ్మకు చిక్కు వచ్చిపడింది.

"దీనికి నుదురు యాడుండాది?"

"చెక్క మీద పెట్టు మా" అన్నాను.

"అది కాలు గదా, నేల మింద ఆనిస్తారు. కాలికి పెడతారా ఎవరన్నా?" అని అటూ ఇటూ తిప్పి చూసి, గొట్టం కొసన లేచి ఉన్న ఆ ఇనుప ముక్కను పట్టుకుంది. "ఇదో, పైకి లేసుండాదే, ఇదే నుదురు."

నాయన నవ్వి "పెట్టు, పెట్టు" అన్నాడు. నేనూ నవ్వాను. గంధం పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం పాత దాని మీదే కొత్తది పెట్టేది. బొట్టు తుడవడం అంటే అమ్మకు ప్రాణం మీదికి వచ్చేది కాబట్టి ఎవరూ తుడవలేదు.

ఆ తర్వాత నేను ఎప్పుడు పోయినా ఒకటే తంతు. అరుగు మీద నుంచి టప్పుమని చప్పుడు. వంటింట్లోంచి అమ్మ అడిగేది.

"తగిలిందా?"

"లే."

గుండు ఒకసారి డబ్బా కిందికి పోయేది, ఒకసారి ఎడమకు పోయేది. వెనక గాడి ఎత్తు మార్చుకుంటే రెండు రోజులు బాగుండేది, మళ్లీ మొదటికి వచ్చేది. నాయన ఇసుక సంచులు తెచ్చి, దారం తడిపి, గొట్టాన్ని మొదటి రోజు లాగే చూశాడు. గొట్టం నేరుగా ఉంది. లోపల ఉంగరాలు ఒరగలేదు. ఆయనకు దగ్గరి చూపు ఎప్పుడో తగ్గింది, గురి చూసేటప్పుడు అద్దాలు తీసేసేవాడు. "మొన ఉబ్బినట్ల, మసగ్గా కనబడతా ఉండాది" అన్నాడొకసారి. కోలారులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పొర మొదలైంది, ఈ వయసుకు మామూలే అన్నాడాయన. బస్సులో తిరిగి వస్తుంటే నాయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"ఒకవారం కిందికి, ఒకవారం పక్కకు. తుపాకి అట్ల మారతాదా? మారేది మనిషే" అన్నాడు.

నేను ఏదో సర్ది చెప్పాను. నాకూ అదే నిజమనిపించింది.

కాయ దిగే ముందు ఒక గుండు డబ్బా కింద కొమ్మ మీద కూర్చున్న కోతి చేతికి తగిలింది. చావలేదు. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, కదలకుండా, నాయన వైపే చూస్తూ కూర్చుందట. అమ్మ చెప్పింది. నాయన లేచి తుపాకిని లోపల మేకుకు తగిలించాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. అరుగు మీద కూర్చోవడం కూడా మానేశాడు. మంచం గోడ వైపు జరుపుకుని పడుకునేవాడు. అమ్మ మళ్లీ ఇద్దరి అరుపూ అరిచేది. శుక్రవారం బొట్టు మాత్రం మేకు మీద ఉన్న తుపాకికి తప్పకుండా పడేది, పాపం మంచి జరగాలనే.

ఆ వానాకాలంలోనే నాయన పోయాడు. ఊపిరి ఆడక పోయాడు. అది ఎప్పటి నుంచో తెలిసిన చావు. కానీ ఆయన ఊపిరి కంటే ముందు కన్ను పోయిందని నమ్మి పోయాడు, జీవితమంతా ఆ కన్నునే నమ్ముకున్న మనిషి.

మళ్లీ కాయ మాగే రోజులకు అమ్మ గొంతు బొంగురుపోయింది. సెలవు పెట్టి నేను తోటకు వచ్చాను. తుపాకి దించి, తుప్పు పట్టిందేమో అని కిరసనాయిలు గుడ్డతో గొట్టం తుడుస్తున్నాను. కొసకు వచ్చేసరికి గుడ్డ తట్టుకుంది. ఇనుప ముక్క మీద ఏదో గట్టిగా, గింజలాగా ఉంది. గోరుతో గీకితే ఎర్రగా రాలింది, దాని కింద పసుప్పచ్చగా, దాని కింద మళ్లీ ఎర్రగా. శుక్రవారం మీద శుక్రవారం. అంతా రాలిపోయాక సన్నటి, పదునైన, నిటారుగా ఉన్న ఇనుప ముక్క బయటపడింది. మొదటి రోజు నాయన దారంతో పోల్చి చూసింది అదే.

నాకు గురి చూడడం కూడా సరిగా రాదు. గాడిని ఆ మొదటి రోజు గుర్తు దగ్గరికి తెచ్చి, ఆయన చేసినట్టు ఊపిరి వదిలి నొక్కాను. టంగుమంది. మళ్లీ పేల్చాను. మళ్లీ టంగుమంది. అరుగు మీద తల పట్టుకుని కూర్చుండిపోయాను. మొన ఉబ్బినట్టు ఉందని ఆయన నోటితోనే చెప్పాడు. ఉబ్బే ఉండింది, ఆ ఎత్తుకే గుండు కిందికి పోయింది, ఆ లావుకే పక్కకు పోయింది. ఆయన కన్ను ఉన్నది ఉన్నట్టే చూసింది. మేమంతా కలిసి ఆయన్ని కళ్ల డాక్టరు దగ్గరికి పంపాం. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక తుపాకిని తన్నాలనిపించింది.

"తగిలిందా?" అని వంటింట్లోంచి గొంతు వచ్చింది. డబ్బా చప్పుడు ఆమె మరిచిపోయినట్టుంది.

"తగిలింది మా."

చేతులు కొంగుకు తుడుచుకుంటూ అమ్మ బయటికి వచ్చింది. "మీ నాయనకు రాను రాను తగల్లేదే. పాపం, కన్ను పోయుండె ఆయనకు" అంది.

ఆ మాట ఊరుకోనీయలేదు. "కన్ను పోలేదు. తుపాకిలోనే ఏదో వంకర ఉండె. ఇప్పుడు నేను సరి చేసినాను" అన్నాను.

"నేరుగా ఉండాదని ఆయనే గదా సూసి చెప్పినాడు" అంది అమ్మ.

కన్ను పోయిందంటే ఆయనకు అన్యాయం. తుపాకి వంకరంటే ఆయన చూసిన చూపుకు అన్యాయం. నిజం చెబితే అమ్మ బతకదు. గుడ్డ తీసుకుని మళ్లీ గొట్టం తుడవడం మొదలుపెట్టాను.

శుక్రవారం పళ్లెం పట్టుకుని వచ్చింది. నేను తుపాకిని తిరగేసి చెక్క వైపు చూపించాను.

"ఇంగ మీదట ఈడ పెట్టు మా."

"కాలికా?" అని విసుక్కుని, గంధం వేలితో గొట్టం కొస వైపు వచ్చింది. నేను బొటనవేలు అడ్డం పెట్టాను.

"వేలు తీయి."

తీయలేదు. అమ్మ నా మొహం చూసింది. నా మొహంలో అబద్ధం నిలవదని చెప్పాను కదా. తర్వాత నా వేలి కింద ఉన్న ఇనుప ముక్కను చూసింది. అరుగునూ, అక్కడి నుంచి దూరపు చెట్టు మీది డబ్బానూ చూసింది. వేలి మీది గంధం ఆరిపోయే దాకా అట్లాగే నిలబడింది. చివరికి ఆ గంధాన్ని నా గోటి మీదే పూసి, పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కోతులు వచ్చాయి, నేను పేల్చాను, డబ్బా మోగింది. వంటింట్లోంచి తగిలిందా అని ఎవరూ అడగలేదు.