బండి ఖాళీ లేని వానాకాలం

తిరుపతి ఎన్ని జలపాతాలకు వెళ్లాడో చెబితే చంపాపేటలో ఎవరైనా నోరెళ్లబెడతారు. బొగత, కుంతల, పొచ్చెర, మల్లెల తీర్థం... వానలు మొదలైతే చాలు, ప్రతి ఆదివారం ఆయన టెంపో ట్రావెలర్ ఏదో ఒక అడవిలో ఉంటుంది. మరి వాటిలో ఎన్ని చూశావయ్యా అని అడిగి చూడండి. ఒక్కటి చూస్తే ఒట్టు! డ్రైవర్లకు జలపాతమంటే పార్కింగు. జనం కేరింతలు కొడుతూ దిగిపోతారు, తిరుపతి బండి దగ్గర కూర్చుని కోతులు వైపర్లు పీకకుండా కాపలా కాస్తాడు. వాళ్లు తడిసి ముద్దయి తిరిగొచ్చేసరికి సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు పరిచి పెడతాడు.

చెడ్డవాడు కాదు పాపం. దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఆటో నడిపి, స్కూలు వ్యాను నడిపి, చివరికి సొంత బండి కొనుక్కున్నాడు. ఆదివారం తెల్లవారుజామున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద కోచింగ్ పిల్లల్ని, ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యోగాల వాళ్లని ఎక్కించుకుంటాడు. తాగి ఎక్కితే దింపేస్తాడు. ఆడపిల్లల్ని గల్లీ చివరిదాకా దించి వస్తాడు. అందుకే వానాకాలం ఒక్క ఆదివారం కూడా ఆయన బండికి ఖాళీ ఉండదు.

ఆ ఖాళీ లేకపోవడమే గీతకు శాపమైంది.

గీత ఆయన భార్య. ట్రెక్కింగ్ వాళ్లందరికీ పులిహోర పొట్లాలు ఆమే కడుతుంది. కోడి కూయకముందే లేచి తాళింపు వేస్తే గల్లీ అంతా ఘుమఘుమలాడుతుంది. ఆమె చేతి పులిహోర అన్ని జలపాతాలూ చూసింది, ఆమె మాత్రం చూడలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా, ఇక్కడ వడ్డించేవాడు సొంత మొగుడే, అయినా ఆకు ఖాళీ.

"ఈ ఆదివారమన్న నన్ను తోల్కపోరాదు?" అనేది.

"సీటేడున్నదే? ఫుల్ బుకింగ్."

"నీ పక్క సీటో?"

"గది తేజస్విని మేడంది. గ్రూపును నడిపించేది ఆమెనాయె."

"ఇంజను మీద గూసుంట తియ్."

"చల్, నవ్వుతరు. చలికాలం బండి ఖాళీ ఉంటది, అప్పుడు పోదాం."

"చలికాలం నీళ్లుంటయా?"

తిరుపతి తల గోక్కునేవాడు. "సన్నగ కారుతయ్."

"కారేటియి మనింట్ల నల్లాలనే ఉన్నయ్. నాకు పడేటియి గావాలె!" అని గరిటె విసిరినంత పని చేసేది.

నీళ్లున్నప్పుడు బండి ఖాళీ ఉండదు, బండి ఖాళీ అయ్యేసరికి నీళ్లుండవు. వాళ్ల కాపురంలో ఏళ్లకేళ్లు ఇలాగే గడిచిపోయాయి. పోనీ ఒక్క ఆదివారం బండిని వేరేవాడి చేతికిచ్చి ఇద్దరూ బస్సెక్కి పోవచ్చుగా అంటారా? నేనూ అదే అంటాను. కానీ బండి మీద ఆయనకున్న భక్తి గుళ్లో పూజారికి కూడా ఉండదు.

ఇంతకీ గీతకు నీళ్ల పిచ్చి ఎందుకంటే, ఆమెది మర్రిగూడ వైపు ఊరు. ఆ నేల నీళ్లలో ఫ్లోరైడ్. అవి తాగి తాగి వాళ్లమ్మ నడుం విల్లులా వంగిపోయింది, చచ్చేదాకా ఆకాశం వైపు తలెత్తి చూడలేదు. మంచినీళ్ల ట్యాంకరు వచ్చిందని వినబడితే గీత బడిలోంచి బిందె కోసం ఉరికేది. ఆ బిందెల కొట్లాటల్లో తగిలిన దెబ్బ మచ్చ ఆమె కనుబొమ్మ మీద అలాగే ఉండిపోయింది. అలాంటి మనిషి మొదటిసారి ఎవరో పిల్ల ఫోనులో జలపాతం చూసి, "గన్ని నీళ్లు ఉత్తగనే పడుతుంటే ఎవ్వళ్లు పట్టుకోరా?" అని అడిగింది. అక్కడున్న వాళ్లంతా పడీపడీ నవ్వారు. గీత నవ్వలేదు.

ఒక చలికాలం ఆమెకు ఆయాసం మొదలైంది. బట్టలారేయడానికి మిద్దెక్కితే నాలుగు మెట్లకే ఆగి గోడ పట్టుకునేది. దవాఖానకు తీసుకెళ్తే, చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల గుండె కవాటం పాడైందన్నారు. ఆపరేషన్ తప్పదు, కానీ ఒంట్లో రక్తం లేదు, ముందు బలం రానివ్వమన్నారు. తిరుపతి బయటికొచ్చి, బండి డోరు తీసి, స్టీరింగ్ ముందు కూర్చుని తాళం పెట్టడం కూడా మర్చిపోయాడు.

"ఏమయ్య, ఇంటికి పోదమా, ఈడనే కిరాయికుందమా?" అంది గీత. నవ్వించాలనే అంది. ఆయనకు నవ్వు రాలేదు.

మేలో ఆయన ఇక ఆగలేకపోయాడు. అంత పెద్ద బండిలో గీతను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మల్లెల తీర్థం బయల్దేరాడు. కూతురు జ్యోతిక వెనక సీట్లో. డిండి దాటి, మన్ననూరు చెక్‌పోస్టు దాటి, అడవిలోకి పోయేసరికి చెట్లన్నీ మోడులై నిలబడి ఉన్నాయి. లోయలోకి దిగే మెట్ల దగ్గర కాపలా ఉండే అంతయ్య వీళ్లను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"తిరుపతన్నా, నీకు తెల్వదానె? బండలు తప్ప బొట్టు లేదాడ."

తెలియకేం! తెలుసు. తెలిసీ, ఒక సన్నటి ధారన్నా ఉండకపోతుందా అని పెద్ద ఆశ పెట్టుకుని వచ్చాడు. గీత ఆ మెట్లను కిందిదాకా ఒకసారి చూసింది. అన్ని మెట్లు దిగే ఊపిరి తనకు లేదని ముగ్గురికీ తెలుసు.

"పోనీ తియ్. దిగకుంటే ఏంది, బండలే గద," అంది.

ఆ మాట ఆయన గుండెల్లో ముల్లులా దిగింది. అక్కణ్నుంచి ఇంకొంచెం ముందుకు పోనిచ్చి, దోమలపెంట దగ్గర కొండ అంచున బండి ఆపాడు. గీతను చెయ్యి పట్టి నడిపించి రెయిలింగ్ దగ్గర నిలబెట్టాడు. కింద ఎక్కడో కొండల నడుమ కృష్ణ మెరుస్తోంది.

"అగో, నీళ్లు!" అంది గీత చిన్నపిల్లలా. చాలాసేపు చూసింది. "పారేటియి చూసినం. ఇగ పడేటియి వానకాలం చూద్దాం. ఆపరేషన్ అయినంక ఉరుక్కుంట దిగుత చూడు."

"నేనే దింపుత," అన్నాడు తిరుపతి. ఆ రోజు ఆయన ఎంత సంతోషంగా బండి నడిపాడో జ్యోతికకు ఇప్పటికీ గుర్తే.

వానలు ఆ ఏడు ముందే పట్టుకున్నాయి. గీత దవాఖానలో చేరింది. ఆపరేషన్‌కు ఇంకో వారం పడుతుందన్నారు. తేజస్విని ఫోను చేసింది, "అన్నయ్యా, మల్లెల తీర్థం నిండుగా పడుతోందంట, ఆదివారం వస్తారా? కుదరకపోతే వేరే బండి చూసుకుంటాం, మొహమాటపడకండి." రానని చెప్పబోతుంటే గీత మంచం మీంచే చెయ్యి ఊపింది.

"పో. నాకేమైతది? జ్యోతి ఉన్నది గద. ఈసారి బండికాడ గూసోకు. దిగు. దిగి, ఫోన్ల పట్టుకరా, నేను చూస్త."

వెళ్లాడు. బండికి తాళం వేసి, తాళం అంతయ్య చేతిలో పెట్టి, జీవితంలో మొదటిసారి ఆ మెట్లు దిగాడు. దిగుతుండగానే శబ్దం వినబడింది. చివరి మలుపు తిరిగేసరికి మొహమంతా తుంపర. పైనుంచి కిందిదాకా తెల్లగా, ఆపేవాడు లేకుండా పడుతున్నాయి నీళ్లు. తిరుపతి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇన్నేళ్లు ఇక్కడికి వచ్చి కోతుల్ని తోలుకుంటూ కూర్చున్నానా అని తనను తాను తిట్టుకున్నాడు. గీత ఎందుకంత పోరు పెట్టిందో అప్పుడర్థమైంది ఆయనకు.

ఫోను తీశాడు. వీడియోలో ఎవరెవరో అడ్డమొస్తున్నారు. ఒకడు చొక్కా విప్పి గెంతుతున్నాడు. గీతకు వీళ్ల మొహాలెందుకు? చెరిపేసి మళ్లీ తీశాడు. మళ్లీ ఎవరో అడ్డం. "అన్నా, జర పక్కకు జరగుండ్రి. మా ఇంటామె దవాఖానల ఉన్నది, ఆమెకు చూపియ్యాలె," అని ఒక్కొక్కరినీ బతిమాలాడు. తేజస్విని కూడా చేతులు చాచి జనాన్ని ఆపింది. అందరూ జరిగారు. నీళ్లు, బండలు, పచ్చటి చెట్లు తప్ప మరేమీ లేని వీడియో ఒకటి కుదిరింది. అది తీస్తూ ఏదో మాట్లాడాడు కూడా. ఆ హోరులో ఏమన్నాడో పక్కనున్న తేజస్వినికే వినబడలేదు.

ఆ అడవిలో సిగ్నల్ ఉండదు. తిరుగు ప్రయాణంలో చెక్‌పోస్టు దాటగానే బండి పక్కకు ఆపి వీడియో పంపడానికి నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతుండగా జ్యోతిక ఫోను వచ్చింది.

"నాయినా, ఏడున్నవ్? ఎన్నిసార్లు చేసిన..."

"పంపుతున్ననే! పోతాంది, ఇగో పోతాంది. అమ్మకు పెద్దగ సౌండ్ పెట్టి చూపియ్."



"అమ్మ లేదు నాయినా," అంది జ్యోతిక.

పొద్దున పదకొండింటికి ఉన్నట్టుండి గుండె ఆగిపోయిందట. ఆ సమయానికి తిరుపతి లోయలో జనాన్ని పక్కకు జరగమని బతిమాలుతున్నాడు. ఏం దేవుడయ్యా వాడు! ఇవ్వకపోతే ఇవ్వకపోయె, ఇలా ఏడిపించాలా మనిషిని?

ఎవరు చెప్పినా వినకుండా బండి ఆయనే నడిపాడు. ఎల్బీనగర్‌లో దిగాల్సిన వాళ్లు దిగలేదు. "మమ్మల్ని దించడానికి ఆగకండి అన్నయ్యా, ముందు ఇంటికి పోనివ్వండి," అంది తేజస్విని ఏడుస్తూ. పొద్దు గుంకే వేళకు అందరూ తడి బట్టలతోనే చంపాపేట గల్లీలో దిగారు. షామియానా కింద గాజు పెట్టెలో గీత ఉంది. నుదుట రూపాయంత బొట్టు. ఆడవాళ్లు తిరుపతిని చూసి గొల్లుమన్నారు.

ఆయన ఏడవలేదు. తిన్నగా వెళ్లి పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఫోను తీసి, సౌండ్ మొత్తం పెంచి, ఆమె కళ్లకు ఎదురుగా గాజు మీద నిలబెట్టాడు.

"తిరుపతీ, గదేందిరా?" అన్నాడు పక్కనున్న పెద్దబావ.

"జర ఆగు బావా. చూడనీయ్."

గల్లీ నిండా నీళ్ల హోరు. ఏడుపులు ఆగిపోయాయి. జ్యోతిక వచ్చి తండ్రి భుజం పట్టుకుంది. ఆ హోరు మధ్యలోంచి ఫోనులో ఆయన గొంతే వినబడింది. అరుస్తున్నాడు, సంబరంగా, ఎన్నడూ లేనంత సంబరంగా.

"గీతా, చూడే! మస్తున్నయే! వచ్చే వానకాలం బండి బంద్ పెడత. ఒక్క బుకింగ్ తీస్కోను. నువ్వు, నేను. గంతే!"

వీడియో అయిపోయింది. అప్పుడు ఏడ్చాడు తిరుపతి.