ఆగయ్యకు పగటి సాంచలు

సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లకు వారం పగలు పని, వారం రాత్రి పని. ఆగయ్యకు మాత్రం మూడేళ్లుగా రాత్రే. తనే అడిగి పెట్టించుకున్నాడు. 1995లో తమ్ముడు ఓదెలు నక్సలైట్ల దళంలో చేరి అడవికి వెళ్లాక పోలీసులు ఆ ఇంటి తలుపు రాత్రిళ్లే తట్టేవారు. సాంచల షెడ్డులో పదిమంది మధ్య ఉన్న మనిషిని ఎత్తుకుపోవడం అంత తేలిక కాదని అతని అంచనా. ఆ అంచనా తప్పలేదు. ఒంటి సంగతే అతనికి తోచలేదు.

పగలు రేకుల కింద, పక్కింటి సాంచల చప్పుడులో మూడు గంటలు నిద్రపడితే గొప్ప. నడిరాత్రి సద్ది విప్పి అన్నం తినేవాడు. నలభై ఏళ్లకే షుగరు పట్టింది. పొద్దున తిండికి ముందు వేసుకొమ్మని గోలీ ఇచ్చారు. ఆగయ్య ఏడింటికి ఇంటికొచ్చి, గోలీ మింగి, చాయ తాగి పడుకునేవాడు. లోకానికి పొద్దున అయితే అతనికది పండుకునే వేళ. తిండి గుర్తే రాదు.

ఒకరోజు బీడీలు చుడుతున్న భార్య బాలవ్వ లోపలికెళ్లి చూస్తే చాప తడిసి ఉంది. ఒళ్లంతా చెమట, మాట తడబాటు. చక్కెర నీళ్లు తాగించమని పక్కింటి లక్ష్మవ్వ అరిచింది. తాగాక తేరుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ జగిత్యాలలో డాక్టరమ్మ దగ్గరికి పోయారు. సంగతంతా విని ఆమె కలం పక్కన పెట్టింది. ఒంట్లో ఒక గడియారం ఉంటుందని, వెలుతురునూ చీకటినీ బట్టి నడుస్తుందని చెప్పింది. పొద్దున తిన్న తిండే రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుందని పరీక్షల్లో తేలిందట. రాత్రి పనికీ షుగరుకూ ఎంత ముడి ఉందో ఇంకా పరిశోధిస్తున్నారట.

"వాళ్లు తేల్చేదాక నువ్వు ఆగకు. పగటి పనికి మారు. గోలీ మింగి తినకుండ పండుకోకు."

"సాంచల పోగు తెగితె ముడేస్తం. గీ గడియారానికి ఏడ ముడెయ్యాలె అమ్మా?"

డాక్టరమ్మ నవ్వింది. బాలవ్వ నవ్వలేదు.

తిరుగు బస్సులో ఆగయ్య మెల్లగా అన్నాడు. "పొద్దుగూకంగ నీతోని తిని, చీకట్ల పండుకోవాలనుందే."

"పండుకో. ఎవలద్దన్నరు?"

"వాళ్లస్తె?"

"అస్తె నేను తలుపు తీస్త. మూడేండ్ల సంది తీస్తున్నది నేనే గద."

ఆ వారంలోనే ఆగయ్య షెడ్డు ఆసామి జలపతిని అడిగి పగటి పనికి మారాడు.

తొలిరోజు పొద్దుగూకాక ఇద్దరూ ఒక్క దగ్గర కూర్చుని తిన్నారు. నిద్ర మాత్రం రాలేదు. కళ్లు మూసి ఎప్పటి ఇంటినో తలచుకున్నాడు, ఓదెలు తన పక్కనే పండుకునే రోజుల ఇంటిని. పదో రాత్రి కునుకు పడుతుండగా పోలీసు జీపు వచ్చింది.

స్టేషను వరండాలో కూర్చోబెట్టి అడిగిందే అడిగారు.

"నీ తమ్ముడేడున్నడు?"

"ఎర్కుంటె పోయి సూసస్తుంటి సారూ. వాని మొకం సూడక మూడేండ్లాయె."

జవాను కాగితాలకు లోపలికెళ్లి వచ్చేసరికి ఆగయ్య గోడకొరిగి గురక పెడుతున్నాడు.

"అరేయ్, అత్తగారిల్లనుకున్నవా?"

కుదిపినా లేవలేదు. తెల్లారాక పంపేశారు.

గేటు బయట బాలవ్వ నిలబడి ఉంది. "కొట్టిండ్రా?"

"లే. పండుకున్న." నాలుగడుగులు నడిచి ఆగాడు. "ఆకలైతుందే."

పొద్దున పూట అతని నోట ఆ మాట విని ఆమెకు చాలా కాలమైంది.