కువైట్ పేరు చెరపని పెయింటరన్న

పెయింటరన్న పోయాడని రాయచోటి నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "నిద్రలోనే పోయినాడత్తా, ఏం బాధ పడలేదు" అంది. ఆయన బాధపడటం నేను ఒక్కసారే చూశాను. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. ఇక నేనే చెప్పాలి.

కువైట్‌లోని సాల్మియాలో నేను పనిచేసిన ఇంటి వెనక గదిలో ఆయన అద్దెకుండేవాడు. దుకాణాలకు బోర్డులు రాసేవాడు. అరబ్బీ చదవడం రాదు, చూసి గీసేవాడు. అయినా ఆ పేరుకు అర్థమేమిటో అడిగి తెలుసుకున్నాకే కుంచె ముంచేవాడు. "రాసేటోనికి ఆ పేరు ఎవురిదో తెలియాల చెల్లే" అనేవాడు. మద్రాసు రాష్ట్రంలో పుట్టి, ఆంధ్ర రాష్ట్రంలో పలక పట్టి, ఆంధ్రప్రదేశ్ నుంచి గల్ఫ్‌కు వచ్చిన మనిషి. "మా ఊరు ఆడనే ఉండాది, రాష్ట్రాలే మారినాయి" అని నవ్వేవాడు.

ఇరాక్ సైన్యం వచ్చిన నెలలోనే, కువైట్ ఇక దేశం కాదనీ, ఇరాక్‌లో ఒక రాష్ట్రమనీ రేడియోలో చెప్పారు. ఊళ్లకూ వీధులకూ కొత్త పేర్లన్నారు. మా మామా, అంటే ఇంటి యజమానురాలు, రేడియో కట్టేసి వంటింట్లో నేలమీద కూలబడింది. అప్పటికే, ఇంట్లోనే దాక్కున్న ఆమె కొడుకు కోసం సైనికులు వెతుకుతున్నారు. ఆ మధ్యాహ్నం పెయింటరన్న సున్నం బకెట్ పట్టుకెళ్లి వీధి పేరూ, మా గేటు మీది నంబరూ, చుట్టుపక్కల నంబర్లూ అన్నీ చెరిపేశాడు. రెండుసార్లు వచ్చిన సైనికులు ఇల్లు తెలియక తిరిగిపోయారు.

తర్వాత ఒక అధికారి ఆయన్నే వెతుక్కుంటూ వచ్చాడు. మర్నాటి నుంచి బోర్డుల మీద కువైట్ పేరు కొట్టేసి కొత్త పేరు రాయాలన్నాడు.

"రాసెయ్ అన్నా, ప్రాణం మీదికొస్తాది" అన్నాను.

"మన రాష్ట్రం కావాలని మనోళ్లే అడిగినారు. ఈళ్లను ఎవురైనా అడిగినారా చెల్లే? నేను రాసేది లేదు."

పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, పళ్ల మధ్య తువ్వాలు కరిచిపట్టుకుని, కాగే నూనె గరిటెతో కుడి చేతిమీద పోసుకున్నాడు. నేను పరుగెత్తేలోపే అయిపోయింది. అధికారి వచ్చి కట్టు లాగి చూశాడు. బొబ్బలు చూసి, "ఖలాస్" అని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు మమ్మల్ని జోర్డాన్ మీదుగా ఇండియాకు పంపారు. బస్సు కోసం బయలుదేరుతుంటే మామా కొడుకు తలుపు చాటు నుంచి చెయ్యి ఊపాడు.

యుద్ధం ముగిశాక తిరిగి వెళ్తే అతను లేడు. మేం పోయిన కొద్దిరోజులకే రోడ్డు మీద పట్టుకుపోయారట. బతికున్నాడో లేడో ఎవరూ చెప్పలేదు. మామా పెయింటరన్నను గేటు దగ్గరికి పిలిచి, "నంబరు రాయి. పెద్దగా రాయి. వాడొస్తే ఇల్లు తెలియాలి" అంది.

"చెరిపింది నేనే కదా" అని నాతో గొణిగి, ఆయన నిచ్చెన ఎక్కాడు.

వేళ్లు సరిగ్గా ముడుచుకోవడం లేదు. చమురు బావులు ఇంకా మండుతున్నాయి, పట్టపగలే మసకచీకటి. అంకె ఆరేలోపే మసి పడేది. తుడిచి మళ్లీ రాశాడు. కింద నిచ్చెన మామానే పట్టుకుంది. రాయడం అయ్యి ఆయన దిగి పక్కన నిలబడినా, ఆమె నిచ్చెన వదల్లేదు. వీధి మలుపు వైపే చూస్తూ నిలబడింది.