విత్తనాల పల్లికాయ, గట్టి చదువు

మా ఊరు పాన్‌గల్ నుంచి తమ్ముడు పంపిన పల్లికాయ సంచి విప్పగానే ఇల్లంతా మట్టివాసన. గుర్తున్నాయా దోస్తులూ, విత్తనాలకు పల్లికాయ ఒలిచిన రోజులు? వేళ్లు మండేవి. పొట్టు ఊడితే ఆ గింజ విత్తనానికి పనికిరాదు. అమ్మ ఒలుస్తుంటే నేను పక్కన కూర్చుని పాఠం గట్టిగా చదవాలి. ధ్యాస తప్పి చదివిన లైనే మళ్లీ చదివితే తలెత్తకుండానే పట్టేసేది.

"ఏంది బిడ్డా, మల్ల గదే చదువుతున్నవు? ముందుకు పో."

అమ్మ వింటోందంటే మనసు పక్కకు పోయేది కాదు.

మా పాపకేమో పుస్తకం పట్టగానే మనసు నిలవదు. అందుకే ఇవాళ కాయలు ముందేసుకుని, "గట్టిగా చదువు బిడ్డా, నేను వింట" అన్నాను. సంబరంగా మొదలుపెట్టింది. ఇంతలో అమ్మ ముచ్చట మీకు చెప్పాలనిపించి ఫోన్ తీశాను. పైన అమ్మ గురించి మీరు చదివిందంతా అప్పుడు రాసిందే. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

"నాయినా, నేను చదువుడు ఆపి శానసేపాయె."

తలెత్తి చూశాను. పుస్తకం ఎప్పుడో మూసేసి, నేను ఒలవాల్సిన కాయలు తనే ఒలుస్తోంది. దాని ముఖం చూడలేక తల దించుకున్నాను. చూపు మళ్లీ ఫోన్ మీదే పడింది.