సౌండు సన్యాసిరాజు

“నీకు చెవులు లేవట్రా సన్యాసీ? మూడొందల మంది మూగబొమ్మలు చూసి పోవడానికొచ్చారా?”

“సౌండొచ్చింది సార్. నాకు బానే ఇనబడింది.”

“నీకు వినబడితే చాలా? నీకోసమా ఫంక్షను?”

స్టేజీ పక్కన ప్లేటు పట్టుకుని నేనీ గొడవ విన్నాను. నేనే కాదు, కూర్మన్నపాలెంలోని ఆ ఫంక్షన్ హాలంతా విన్నది. మేనేజరు దేవీప్రసాద్ చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. అది మా పెదనాన్న నీలకంఠం రిటైర్మెంట్ సభ. స్టీల్ ప్లాంటులో ఆయనతో ముప్ఫయ్యేళ్లు పనిచేసి, ఇప్పుడు మంచం పట్టిన గవర్రాజు వీడియోలో నాలుగు మాటలు చెప్పి పంపాడు. తెర మీద పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆ రోజు హాల్లో గట్టిగా వినబడినవి తిట్లు మాత్రమే.

సన్యాసిరాజుకి యాభై ఆరేళ్లు. చోడవరం దగ్గర పల్లె నుంచి వచ్చి, గాజువాకలో ఒక సినిమాహాల్లో ఆపరేటరుగా చేశాడు. రీలు మారేటప్పుడు తెర ఒక్కసారి కూడా నల్లబడనివ్వలేదని ఇప్పటికీ చెబుతాడు. ఆ సినిమాహాలు మూతపడ్డాక ఈ ఫంక్షన్ హాల్లో సౌండు పనికొచ్చి పదకొండేళ్లు. దేవీప్రసాద్ ఆయన్ని పూర్తి పేరుతో పిలవగా ఎవరూ వినలేదు. ఏ పెళ్లిలో ఏ మాటన్నాడో సన్యాసిరాజుకి పెళ్లికూతుళ్ల పేర్లతో సహా గుర్తు. అన్నీ నాకు చెప్పాడు. ఒక్కటీ మరచిపోలేదు, మరచిపోయే ఉద్దేశమూ లేదు.

నేను ఇంజినీరింగ్ మూడో ఏడు వదిలేసి మద్దిలపాలెంలో లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. నన్నూ కాలేజీ ల్యాబ్‌లో అందరి ముందూ అలాగే అన్నవాడొకడున్నాడు. అందుకే భోజనాలయ్యాక వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

హాలు వాళ్ల పాత లాప్‌టాప్‌లో విండోస్ నడవడం లేదని మేనేజరే దాని బదులు లినక్స్ వేయించాడు. కేబుల్ పెడితే బొమ్మ తెరకి వెళ్తుంది, సౌండు మాత్రం హాలు స్పీకర్లకి పోకుండా లాప్‌టాప్ స్పీకర్లోనే ఉండిపోతుంది. ప్రతిసారీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేత్తో మార్చాలి. ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది. కేబుల్ తీసి మళ్లీ పెట్టాడు, సౌండు మార్చలేదు. లాప్‌టాప్ పక్కనే ఉన్నాడు కాబట్టి మాట వినబడింది. సినిమాహాలు క్యాబిన్‌లో చిన్న స్పీకరు పలికిందంటే హాలంతా పలుకుతున్నట్టే. పాతికేళ్ల ఆ నమ్మకమే ఆయన్ని ముంచింది.

మర్నాడు వెళ్లి సరిచేశాను. కేబుల్ పెట్టినా తీసినా సిస్టమ్‌కి కబురందుతుంది. ఆ కబురు పట్టుకునే రూలు ఒకటి రాసి, దానికి చిన్న స్క్రిప్టు, అంటే నాలుగు లైన్ల ప్రోగ్రాము, తగిలించాను. కేబుల్ ఉంటే సౌండు తెర వైపు నుంచి హాలు స్పీకర్లకి, లేకపోతే వెనక్కి లాప్‌టాప్‌కి. మొదట పనిచెయ్యలేదు. రూలు నడిచేది సిస్టమ్‌కి పెద్ద అయిన రూట్ పేరున, సౌండు నడిచేది లాప్‌టాప్ వాడే యూజర్ పేరున; ఒకరి మాట ఒకరికి అందదు. అది సర్దాక కూడా, తెర తాలూకు సౌండు సిద్ధం కాకముందే స్క్రిప్టు పరిగెత్తింది. రెండు సెకన్లు ఆగమని రాశాను. మారింది. సన్యాసిరాజు పదిసార్లు కేబుల్ తీసి పెట్టి చూశాడు. నవ్వలేదు.

వచ్చే నెల అదే హాల్లో దేవీప్రసాద్ షష్టిపూర్తి. తన మీద వీడియో కూడా తీయించుకున్నాడు. అందులో ఆయన మాట్లాడే చోట కుక్క అరుపు పెట్టేద్దామన్నాను. నిజంగానే అన్నాను. సన్యాసిరాజు ఒప్పుకోలేదు. జనం నవ్వేసి భోజనాలకి పోతారనీ, దానివల్ల వాడికి తగిలేదేమీ లేదనీ అన్నాడు. కేబుల్‌ని చేతికి చుట్టుకుంటూ తన మాట చెప్పాడు.

“బాబూ, ఆ ఒక్క రోజుకీ నీ రూలు తీసీగలవేటి? బొమ్మ పడాల, సౌండు రాకూడదు. నాను ఎనకాల కుర్సీలో కూకుంటాను. ఆడు మైకట్టుకుని, ఆడి సుట్టాలందరి ముందర, సన్యాసిరాజు గారూ, సౌండు పెట్టండి అనాల. అన్నాకే నా సేత్తో మారుస్తాను. అంతవరకూ ఎవురు పిలిచినా నువ్వు మద్దిలపాలెం నుంచి రాకు, ఫోనెత్తకు.”