చప్పిడి పత్యం

2023 మే నెల. బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అక్కడి ఎండోస్కోపీ గదికి నేను ఇన్‌చార్జి నర్సుని. పేగుల డాక్టరుగారు విజయవాడ నుంచి వారానికి రెండుసార్లు వస్తారు. ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే మా గది బయట బెంచీల మీద మొహాలు వేలాడేసుకున్న జనం కనిపిస్తారు. ఆకలి కొంత, రాత్రంతా బాత్‌రూమ్ చుట్టూ తిరిగిన నీరసం కొంత, లోపల ఏం బయటపడుతుందోనన్న భయం మిగతాది.

కొలనోస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగు లోపల చూడడం. చూడడం డాక్టరుగారి పని. చూడ్డానికి వీలుగా ఆ పేగుని ఖాళీ చేయించడం నా పని. దీన్ని మేం ప్రెప్ అంటాం. ప్రెప్ సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన కెమెరా అయినా బురదకాలవలో టార్చిలైటు వేసినట్టే.

ఆకుకూరలు, గింజలున్న పళ్ళు ముందే మానాలి. ముందురోజు అన్నమూ టిఫినూ ఏదీ లేకుండా కొబ్బరినీళ్ళ లాంటి పలచటివే తాగాలి. "అన్నం మానెయ్యండి" అని ఊరుకుంటే పెసరట్టు తినొచ్చే బాపతు మనవాళ్ళు. సాయంత్రం ఒక విరేచనాల బిళ్ళ మింగి, మేమిచ్చిన పొడిని నీళ్ళలో కలిపి గ్లాసు గ్లాసు తాగాలి. ఐరన్ బిళ్ళలు వారం ముందే ఆపాలి, ఐరన్ మలాన్ని నల్లగా జిగురుగా చేసి పేగుకి తారులా అంటిస్తుంది. గుండెజబ్బువాళ్ళు రక్తం పలచబడే బిళ్ళల్ని మాత్రం సొంతంగా ఆపకూడదు, అది డాక్టర్లు మాట్లాడుకుని తేల్చాలి. ఈ పాఠం చెప్పీ చెప్పీ నాకు కంఠతా వచ్చేసింది.

వీరాస్వామిది మంగినపూడి పక్కన ఒక పల్లె. యాభై దాటి ఉంటాయి. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, పిల్లల పెళ్ళిళ్ళు, ఒంట్లో ఉన్న రోగాలు వాళ్ళకి గుర్తొచ్చేది అప్పుడే. ఆయనకి నెలల తరబడి విరేచనంలో రక్తం పడుతోంది. మొలలే కదా అని ఊరుకున్నాడు. గుడివాడలో కూతురింటికి వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరు రక్తం తక్కువగా ఉందని ఐరన్ రాసి, పేగు పరీక్ష తప్పనిసరి అని మా దగ్గరికి పంపారు.

భార్య నాంచారమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఆవిడే అన్నీ విని తల ఊపింది. పరీక్షరోజు అడిగితే తడుముకోకుండా చెప్పింది.

"ఐరన్ బిళ్ళలు వారం కిందటే ఆపేశామండి సిస్టరమ్మగారూ. అన్నం పెట్టలేదు, టిఫినూ పెట్టలేదు."

"ఇంకేం మందులూ వాడట్లేదుగా?"

"లేదండి."

"ఆ నీళ్ళన్నీ తాగారా?" అని వీరాస్వామిని అడిగాను.

"కొలత తప్పకుండా తాగానండి. నాలుగైదుసార్లు ఎళ్ళొచ్చాను కూడా" అన్నాడు.

ఇంత శ్రద్ధగల జంటని చూసి నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట గొట్టం లోపలికి వెళ్ళేదాకానే. తెర మీద కనిపించింది చూసి డాక్టరుగారు నా వైపు తిరిగి, "ఇది ప్రెప్పా?" అన్నారు. కొంతదూరం వెళ్ళి ఇక వెనక్కి లాగేశారు. బయటికి వచ్చాక గొంతు తగ్గించి చెప్పారు.

"పైనుంచి తాజా రక్తపు చార కనిపించింది. మొలల రక్తం కాదనిపిస్తోంది. వారం పదిరోజుల్లో మళ్ళీ చెయ్యాలి. వేట మొదలైతే ఈ మనిషి మళ్ళీ దొరకడు. మీరేం చేస్తారో నాకు తెలీదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆకలితో ఉన్న మనిషిని తిట్టడం ఎందుకని ముందు క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించాను. వీరాస్వామి పొట్లం విప్పి ఆగాడు.

"ఇందులో ఉప్పేశారాండీ?"

"ఉప్పు లేకుండా ఇడ్లీ ఎవరు చేస్తారు?"

పొట్లం మూసి పక్కన పెట్టేశాడు. నిన్నటి నుంచి ఏమీ తినని మనిషి. నాంచారమ్మ వైపు చూశాను. ఆవిడ నేల చూస్తోంది.

"బీపీ ఏమైనా ఉందా?" అన్నాను.

"లేదండి. పత్యమండి" అంది చిన్నగా.

అప్పుడు బయటికొచ్చింది సంగతి. దివిసీమలో ఒక లంక గ్రామంలో గోపాలంగారని మొలలకి లేహ్యం ఇచ్చే పెద్దాయన ఉన్నారు. పోయిన నెలలో తెచ్చుకున్నారు. దానికి చప్పిడి పత్యం, అంటే ఉప్పు నాలిక్కి తగలకూడదు. చేపా లేదు, చింతపండూ లేదు. పైగా లేహ్యం ఎన్నాళ్ళు తింటే, మానేశాక కూడా పత్యం అన్నాళ్ళు. తప్పితే మందు వికటిస్తుంది.

"మందులు వాడుతున్నారా అంటే లేదన్నావేమ్మా?"

"చెబితే తిడతారు కదండీ."

"మరి రాత్రి మేమిచ్చిన నీళ్ళు?"

వీరాస్వామి తలెత్తి నిజం చెప్పాడు. "ఒక్క గుక్క నోట్లో పోసుకున్నానండి. ఉప్పు కషాయం. ఉమ్మేసి నోరు పుక్కిలించాను. తర్వాత మీరు చెప్పినంతా మంచినీళ్ళు తాగాను. ఒక్క గ్లాసు తగ్గించలేదు."

ఆయన లెక్కలో అది అబద్ధం కాదు. తాగానన్నాడు, తాగాడు. ఏం తాగావని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. బిళ్ళ పుణ్యమా అని నాలుగైదుసార్లు వెళ్ళాడు కాబట్టి నాకు అనుమానమూ రాలేదు. అసలు తమాషా ఏమిటంటే, ఆ నిమిషంలో ఆయన చేతికి ఎక్కుతున్న సెలైన్ సాక్షాత్తూ ఉప్పునీళ్ళు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. చెబితే సూది పీకి ఇంటికెళ్ళిపోతాడని మింగేశాను.

"పత్యం అయిపోనివ్వండి, అప్పుడొచ్చి మీరేం తాగమంటే అది తాగుతాను" అన్నాడు. వేళ్ళమీద లెక్కేస్తే ఆ పత్యం అయ్యేసరికి వేట మొదలై బోలెడు రోజులవుతుంది.

ఆ పట్టుదల నాకు కొత్త కాదు. మాది క్రైస్తవ కుటుంబం. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల కాలం నలభై రోజులూ మా అమ్మ పగలు మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఎండలో తూలిపడ్డా తాగేది కాదు, నాన్న కేకలేసినా తాగేది కాదు. పట్టిన మనిషిని తిట్టి విడిపించలేమని నాకు మా ఇంట్లోనే తెలుసు. డాక్టరుగారు కూడా కోప్పడలేదు. "ఆ లేహ్యంలో ఏముందో మనకి తెలీదు. లోపల ఏదైనా కోసి తియ్యాల్సి వస్తే, అది రక్తం గడ్డకట్టనివ్వని రకమైతే ప్రమాదం. ముందు అది ఆగాలి, తర్వాత ఉప్పు తగలాలి. ఆ పెద్దాయనతోనే మాట్లాడండి" అన్నారు.

నాంచారమ్మ ఫోనులోంచే కలిపాం. స్పీకరు పెట్టాను. నేను కొంచెం దురుసుగానే మొదలుపెట్టాను. ఆయన అంతా విని తాపీగా అడిగారు.

"రక్తం ఎన్నాళ్ళనించి పడుతోందమ్మా?"

"ఏడెనిమిది నెలలుగా" అన్నాను.

"నాతో పది రోజులని చెప్పాడే!" అన్నారాయన. "నేనిచ్చింది మొలలకి. లోపల ఇంకేమైనా ఉంటే అది నా పని కాదు. ఫోను అతనికివ్వండి."

వీరాస్వామి ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వీరాస్వామీ, లేహ్యం ఇవాళ్టితో ఆపెయ్. పత్యం పెట్టింది నేను, తీసేది కూడా నేనే. తీసేశాను. ముందు ఒక పటికబెల్లం ముక్క చప్పరించు, ఆ తర్వాత ఉప్పు తగిలినా ఏం వికటించదు. ఆ అమ్మ చెప్పినట్టు చెయ్."

"చిత్తమండి" అన్నాడు వీరాస్వామి. మేం అంతసేపు చెప్పినా కదలని మనిషి, ఆ ఒక్క మాటకి ఇడ్లీ పొట్లం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. అయినా పటికబెల్లం వచ్చేదాకా విప్పలేదు. ప్రెప్ సాయంత్రం కూడా పటికబెల్లం పెట్టొచ్చా అని డాక్టరుగారిని అడిగాను. "షుగరు జబ్బు లేదుగా, కరిగిపోయేదేగా, పెట్టండి" అని నవ్వారు.

వారం దాటాక మళ్ళీ వచ్చారు. ఈసారి ఆసుపత్రిలోనే పడుకోబెట్టి, ప్రతి గ్లాసూ నా కళ్ళముందే తాగించాను. మొహం చిట్లించాడు గానీ వదల్లేదు. తెల్లారేసరికి పేగు అద్దంలా ఉంది. ఎడమవైపు పాలిప్ కనిపించింది. పాలిప్ అంటే పేగు గోడకి పుట్టగొడుగులా లేచే కండ. బొటనవేలంత ఉంది, దాని మీంచే రక్తం కారుతోంది. డాక్టరుగారు తీగ ఉచ్చు వేసి కాడతో సహా తీసేసి బయాప్సీకి పంపారు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరుగారు ఇద్దర్నీ కూర్చోమన్నారు. నాంచారమ్మ కూర్చోలేదు.

"కేన్సర్‌గా మారడం మొదలయ్యే దశలో ఉంది. ఇంకా మారలేదు. కాడ దగ్గర శుభ్రంగా ఉంది, అంటే మొత్తం వచ్చేసింది. చెప్పిన టైముకి వచ్చి మళ్ళీ చూపించుకోవాలి, అంతే."

"అంటే లేదాండీ?" అంది నాంచారమ్మ.

"లేదమ్మా."

ఆవిడ గోడకి జారి కింద కూలబడిపోయింది. సంతోషం వల్లేమో అనుకున్నాం. బీపీ చూస్తే బాగా పడిపోయి ఉంది. మే నెలాఖరు ఎండ, బస్సు ప్రయాణం. ఇలాంటివి చూస్తూనే ఉంటాం.

"పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగాను.

"గంజండి."

"కాస్త ఉప్పేసుకున్నావా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. వీరాస్వామి చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు. అప్పుడు చెప్పింది.

"ఆయన మానేసినరోజే నేనూ మానేశానండి. ఆయనకి చప్పిడి పెట్టి నేనెట్టా ఉప్పు తింటాను? గోపాలంగారు ఆయనకి తీసేశారు. నాకెవరు తీశారండీ?"

రోజంతా ఎండలో కూర్చుని చేపలకి ఉప్పు పట్టించే మనిషి. అన్ని రోజులూ నా ఎదురుగా నిలబడి, నేనడిగినవాటన్నిటికీ ఆయన సంగతి చెప్పింది. డాక్టరుగారు చేతిలో కాగితాలు పక్కన పెట్టేశారు.

వీరాస్వామి లేచి బయటికి వెళ్ళాడు. క్యాంటీన్ నుంచి ఉప్పు వేసిన మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చి, ఆవిడ ముందు నేలమీదే చతికిలబడ్డాడు.

"తాగవే. నేను తీసేస్తన్నా" అన్నాడు.

అప్పటినుంచి నేనడిగే ప్రశ్న మారింది. ఏం మందులు వాడుతున్నారని ఇప్పటికీ అడుగుతాను, దానికి సగంమంది లేదనే అంటారు. వెంటనే, "ఏమేం మానేశారు?" అని అడుగుతాను. వాడేది దాచుకునేవాళ్ళు కూడా మానేసింది మాత్రం గర్వంగా చెబుతారు. అందులోంచి లేహ్యాలూ బయటపడతాయి, ఉపవాసంలో ఆపేసిన షుగరు బిళ్ళలూ బయటపడతాయి. ఆ తర్వాత పక్కన సంచి పట్టుకుని నిలబడ్డ మనిషి వైపు తిరిగి, "మరి నువ్వేం మానేశావమ్మా?" అంటాను. చాలామంది నవ్వేస్తారు. కొందరు మాత్రం వెంటనే మాట్లాడరు. వాళ్ళకి కుర్చీ వేసి, బీపీ చూశాకే మిగతా పని మొదలుపెడతాను.